ఎనభై రూపాయల స్టూడియో రైలు

టికెట్టు ఎనభై రూపాయలు. లోపల తిప్పేది పదకొండు నిమిషాలు. వెయ్యడుగుల రీలు మెషిన్ మీద ఆడేది కూడా అంతసేపే. ప్రొద్దుటూరు థియేటర్లలో ముప్పై ఏళ్లకు పైగా ఆపరేటర్‌గా పనిచేశాను కాబట్టి ఏ ఆట మొదలైనా నా చూపు వాచీ మీదికి పోతుంది. ఈ రైలు మూడుసార్లు ఎక్కాను. మూడుసార్లూ పదకొండే.

మా ఊరి దసరా సంగతి సీమలో అందరికీ తెలుసు, రెండో మైసూరు అంటారు. అమ్మవారిశాలలో ఆరోజు అలంకారం చూసుకుని, ఆ జనంతో పాటే నడుచుకుంటూ ఎగ్జిబిషన్‌కు పోవడం మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. రంగులరాట్నం, మరణబావి, ఢిల్లీ అప్పడం ఏటా వచ్చేవే, వాటి గురించి కొత్తగా రాయాల్సిందేమీ లేదు. ఈసారి మరణబావి పక్కన ఒక రేకుల షెడ్డు, దాని ముందు కొత్త బోర్డు కనపడ్డాయి. 'విజయా వాహినీ స్టూడియో, ఆనాటి మద్రాసు' అని పెద్దక్షరాలు, కింద రైలింజను బొమ్మ. నాలుగో తరగతి చదివే మా మనవరాలు రైలు చూసి ఆగింది. నేను పేరు చూసి ఆగాను.

లోపలికి పోతూనే అర్థమైంది, ఇది నిరుటి దెయ్యాల కొంప. అవే పట్టాలు, అదే మలుపు. అస్థిపంజరాన్ని వేలాడదీసిన కొక్కెం కూడా పైన అట్లే ఉంది. అందులో తప్పుపట్టేదేమీ లేదు. సినిమా స్టూడియోలో ఎప్పుడూ జరిగేది ఇదే కదా, నిన్నటి దర్బారు విప్పిన చెక్కతోనే రేపటి పూరిల్లు కడతారు. నాలుగు బోగీలు, బోగీకి నలుగురు. సీట్లకు కొత్తగా రెగ్జిన్ వేయించారు. ముందు కడ్డీ గట్టిగా ఉంది, చిన్నపిల్లలతో ధైర్యంగా ఎక్కవచ్చు.

గదులు ఆరు. మొదటిది స్టూడియో గేటు, వాచ్‌మన్ బొమ్మ సెల్యూట్ కొడుతుంది, అంతే. రెండోది మేకప్ గది. అద్దం చుట్టూ బల్బులు పెట్టి, అద్దాన్ని కొంచెం వాల్చి నిలబెట్టారు. రైలు ముందు నుంచి పోతుంటే మన ముఖాలే వెలుగులో కనపడతాయి, పిల్లలు కేరింతలు కొడతారు. మూడోది షూటింగ్ ఫ్లోరు. ప్లైవుడ్ కెమెరా, ఇనుప డ్రమ్ములకు వెండి రంగు పూసి చేసిన లైట్లు, తలుపు పైన ఎర్ర బల్బు. గంట మోగగానే ఎర్ర బల్బు వెలుగుతుంది, రికార్డు చేసిన గొంతు 'సైలెన్స్' అంటుంది. రైల్లో ఉన్న పదహారు మందీ నిజంగానే నోరు మూసుకున్నారు. ఆ రెండు క్షణాలు నాకు ఒళ్లు జలదరించింది. నాలుగోది మాంత్రికుడి గుహ. పొగ ఎక్కువ, నూనె వాసన ఇంకా ఎక్కువ. దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లు చేతిగుడ్డ దగ్గర పెట్టుకోండి.

ఐదో గది దగ్గర ఆగి చెప్పాలి. విందు గది. ఘటోత్కచుడి బొమ్మ నిలువెత్తుకు మించి ఉంది, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, పక్కన గద. ముందు వరుసగా ఇత్తడి పళ్లేలు. ఒక పళ్లెంలోంచి లడ్డు దానంతటదే లేచి, కాస్త ఊగి, గాల్లో తేలుకుంటూ పోయి నోట్లో పడుతుంది. వెనకాలే ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. మా మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "తాతా, యాడ కట్టినారు దారం?" అని అడిగింది. నాకూ కనపడలేదు. ఆట అయిపోయాక బతిమాలుకుంటే వెనక్కి తీసుకుపోయి చూపించారు. లడ్డులు స్పాంజివి, పసుపు రంగు అద్ది, పైన అక్కడక్కడా ఎర్రచుక్కలు పెట్టారు, జీడిపప్పు ద్రాక్షలాగా. ఒక్కొక్క దానికి సన్నటి నైలాన్ దారం. పైన సైకిల్ చక్రం రిమ్ము, దానికి చిన్న మోటారు. బొమ్మ వెనక మొత్తం నల్ల గుడ్డ కట్టి, లైటు లడ్డుల మీద మాత్రమే పడేట్టు పెట్టారు. దారం ఆ నలుపులో కలిసిపోయింది. బొమ్మ కడుపులోంచి లడ్డులు గోనెసంచిలోకి జారితే, అక్కడ ముక్కాలిపీట మీద కూర్చున్న పిల్లోడు వాటిని మళ్లీ ముందు పళ్లేల్లోకి సర్దుతున్నాడు. "గంటకు నాలుగు ట్రిప్పులు సార్, ఒక్క దారం చిక్కుపడినా ఆట పోతుంది" అన్నాడు. గోరుతో ముడి విప్పుతూ మాట్లాడాడే గానీ తలెత్తలేదు. ఎనభై రూపాయల్లో నలభై ఈ పిల్లోడి పనికే ఇచ్చానని నేను సంతోషంగా అనుకుంటున్నాను.

ఇక లోపాలు. ఆరో గది వెన్నెల చెరువు, మాయాబజార్‌లో పడవ పాటది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, దాంట్లో చిన్న పడవ, పైన గుండ్రటి చందమామ. ఆలోచన మంచిది. మరి చేసిందేమిటంటే, నీలం కాగితం చుట్టిన ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు ఒకటి నేరుగా నీళ్ల మీదికి తిప్పారు. గది మొత్తం నీలం, మనుషుల ముఖాలు నీలం, నీళ్లు నల్లగా చచ్చినట్టు ఉన్నాయి. అది చూసి నా మనసు చివుక్కుమంది.

ఎందుకంటే ఆ వెన్నెల నేను చేత్తో కాచిన వెన్నెల. 1980ల్లో మా థియేటర్‌కు మాయాబజార్ పాత ప్రింటు వచ్చింది, ఉదయం ఆటలు వేశాం. అప్పుడింకా కార్బన్ మెషిన్లే. రాగి పూత పూసిన రెండు కార్బన్ పుల్లలు ఎదురెదురుగా పెడతాం, ఆ సందులో మంట లేస్తుంది, అదే తెరకు వెలుగు. పుల్లలు కాలేకొద్దీ సందు పెరుగుతుంది. సందు పెరిగితే వెలుగు పసుపు తిరుగుతుంది. రంగుల సినిమా అయితే జనం సర్దుకుపోతారు. నలుపు తెలుపులో వెన్నెల్లో పడవ పోతున్నప్పుడు పసుపు తిరిగిందంటే వెన్నెల కాదు, కందిలి వెలుగైపోతుంది. అందుకని ఆ పాట ఉన్న రీలు ఎక్కించే ముందే కొత్త పుల్లలు వేసేవాణ్ని. పాట నడిచినంతసేపూ లాంప్‌హౌస్ నల్లద్దంలోంచి మంటను చూస్తూ, చేతిచక్రం వెంట్రుకవాసి తిప్పుతూ ఉండేవాణ్ని. ఆ పాట తెర మీద నేను సరిగ్గా చూసింది తక్కువ. కింద హాల్లో ఈలలు ఆగిపోయి నిశ్శబ్దం అయిందంటే వెన్నెల బాగా కాసినట్టు లెక్క. ఆ వెన్నెలను ఫిల్ము మీదికి ఎక్కించిన కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ. నలుపు తెలుపుల మధ్య ఉన్న బూడిద రంగులన్నీ ఆయన చెప్పినట్టు విన్నాయి. నీలం కాగితం అవసరం ఆయనకు రాలేదు.

రెండో లోపం బోర్డులు. గదికొక బోర్డు పెట్టారు, చదివేలోపే రైలు దాటిపోతుంది. నేను మూడు ట్రిప్పుల్లో చదివాను. మాయాబజార్ 1955 అని రాశారు. ఆ సినిమా తెలుగులో విడుదలైంది 1957 మార్చి 27న. దర్శకుడి పేరు లేదు. కళా దర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ పేర్లు లేవు. బార్‌ట్లీ పేరు లేదు. బయటికొచ్చే దారిలో మాత్రం హీరో హీరోయిన్ల కటౌట్లు నిలబెట్టి, పక్కన నిలబడి ఫోటో దిగితే యాభై రూపాయలు అంటున్నారు. హీరోల మీద నాకు భక్తి తక్కువేమీ కాదు. కానీ బోర్డు మీద స్టూడియో అని రాసినప్పుడు స్టూడియో కట్టినవాళ్ల పేర్లు కూడా ఉండాలి.

అన్నిటికంటే బాధ పెట్టింది ఇంకొకటి. ప్రొద్దుటూరు నడిబొడ్డున పెట్టిన ఆటలో, ఈ స్టూడియోకు, మన నేలకు సంబంధం ఉన్నట్టు ఒక్క ముక్క లేదు. 'ఆనాటి మద్రాసు' అని రాసి ఊరుకున్నారు. వాహినీ కట్టడానికి డబ్బు పెట్టిన మూలా నారాయణస్వామి తాడిపత్రి మనిషి. ఆయన చిన్ననాటి స్నేహితుడు కె.వి.రెడ్డి, అంటే కదిరి వెంకటరెడ్డి, ఆయనదీ తాడిపత్రే. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన ఆ మనిషి సినిమాల్లోకి అడుగుపెట్టింది క్యాషియర్ ఉద్యోగంతో. డైరెక్టర్‌గా మొదటి సినిమా భక్త పోతన, 1943లో. వాహినీ పేరు మీద 1939లో వందేమాతరం తీసిన బి.ఎన్.రెడ్డి కడప జిల్లావారు. విజయా సంస్థ నడిపి, ఆ తర్వాత వాహినీ స్టూడియోను కూడా చేతిలోకి తీసుకుని ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటిగా పెంచిన నాగిరెడ్డి ఆయన సొంత తమ్ముడు, పుట్టింది 1912లో మన జిల్లా పొట్టిపాడులో. అన్నదమ్ములిద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది, అన్నకు 1974కు, తమ్ముడికి 1986కు. ఒక ఇంట్లో రెండు! వీళ్లు సినిమాలకు ముందు ఏం చేసేవాళ్లంటే ఎర్రగడ్డల, అంటే ఉల్లిపాయల, ఎగుమతి వ్యాపారం. మన నల్లరేగడి ఎర్రగడ్డలు అమ్మిన ఇంటి నుంచి పాతాళభైరవి వచ్చింది. ఈ సంగతి మా మనవరాలికి ఎవరు చెబుతారు? బోర్డు చెప్పాలి కదా.

రెండో రోజు సాయంత్రం ఒక్కణ్నే పోయాను. తప్పులన్నీ ఒక తెల్లకాగితం మీద రాసుకుని పోయాను. రైలు నడిపే అబ్బాయి ఆదోని వాడు, ఇరవై రెండేళ్లు ఉంటాయి.

"ఇట్లా మార్చాలని ఎవరికి తోచింది అబ్బీ?" అన్నాను.

"మా ఓనర్‌కు సార్. దెయ్యాల కొంపకు పిల్లోళ్లు తగ్గిపోయినారు. సినిమా అంటే పెద్దోళ్లు గూడా వస్తారని మార్చినాం."

కాగితం ఇచ్చాను. చదివాడు. "ఆయప్ప తాడిపత్రినా సార్?" అని రెండుసార్లు అడిగాడు. అప్పటికప్పుడు ఓనర్‌కు ఫోన్ చేసి, పక్క దుకాణంలో వైట్‌నర్ తెప్పించి 1955ను 1957 చేశాడు. కింద స్కెచ్ పెన్నుతో 'దర్శకుడు కె.వి.రెడ్డి, తాడిపత్రి' అని రాశాడు. అక్షరాలు కొంచెం వంకరపోయాయి గానీ తప్పు లేదు.

"వెన్నెల గూడా సరిచేద్దామా?" అన్నాను.

ఫ్లడ్ లైటుకు చుట్టిన నీలం కాగితం తీయించాను. పింగాణీ సామాన్ల స్టాల్‌లో ప్యాకింగ్‌కు వచ్చిన తెల్ల థర్మాకోల్ షీటు అడిగి తెచ్చాం. షూటింగుల్లో కూడా లైటును తిప్పికొట్టడానికి వాడేది థర్మాకోలే. లైటును నీళ్ల వైపు నుంచి గోడ వైపుకు తిప్పి, షీటును ఏటవాలుగా నిలబెట్టాం. ఇప్పుడు వెలుగు థర్మాకోల్‌కు తగిలి, మెత్తబడి, పక్క నుంచి నీళ్ల మీద పడుతుంది. చందమామ వెనకున్న బల్బు మరీ గుచ్చుతోందని దానికి ట్రేసింగ్ పేపర్ రెండు మడతలు అంటించాం. చివరికి తొట్టి మూలలో చిన్న టేబుల్ ఫ్యాను పెట్టి తక్కువలో తిప్పాం. నీళ్లు కదిలాయి. తొట్టిలో వెలుగు ముక్కలు ముక్కలై వణికింది, ఆ వణుకు పైన రేకుల మీద కూడా ఆడింది. ఆ కొక్కెం నీడ కూడా అందులో కలిసిపోయింది. ఖర్చు ముప్పై రూపాయల ట్రేసింగ్ పేపర్.

తర్వాతి ట్రిప్పులో నేను రైలు ఎక్కలేదు, గోడవారన నిలబడ్డాను. పదహారు మంది వచ్చారు, మాంత్రికుడి గుహలో అరుస్తూ, విందు దగ్గర నవ్వుతూ. చెరువు దగ్గరికి వచ్చేసరికి గోల తగ్గింది. ఒక తల్లి ఒళ్లోని బిడ్డకు వేలితో చందమామను చూపించింది. హాల్లో ఈలలు ఆగినప్పటి నిశ్శబ్దమే అది. నాకు బాగా తెలిసిన నిశ్శబ్దం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. థర్మాకోల్ ముక్కతో ఇంత అయితే, నిజంగా డబ్బు పెట్టి, మనసు పెట్టి కడితే ఎట్లుంటుందని ఆలోచిస్తూ పడుకున్నాను. రివ్యూలో ఇది రాయవచ్చో లేదో గానీ రాస్తాను, ఎవరైనా కట్టేవాళ్లు చదవాలని.

బయటి దేశాల్లో ఇది కొత్త కాదు. అమెరికాలో యూనివర్సల్ స్టూడియో 1915లో తెరిచినప్పుడే దాని యజమాని కార్ల్ లేమ్లీ 25 సెంట్లు తీసుకుని జనాన్ని షూటింగ్ చూడనిచ్చాడు. సినిమాకు మాట వచ్చాక జనం గోల కుదరక ఆపేశారు. మళ్లీ 1964లో ట్రామ్ బండ్లలో తిప్పడం మొదలుపెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. ఫ్లోరిడాలో డిస్నీవాళ్లు 1989లో 'ది గ్రేట్ మూవీ రైడ్' అని పెట్టారు. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్ ముఖద్వారాన్ని అచ్చంగా దించి, లోపల బండిలో కూర్చోబెట్టి పాత సినిమాల సీన్ల మధ్యలో తిప్పేవాళ్లు. మా మేనల్లుడు 2014లో ఎక్కి వచ్చి గంటసేపు చెప్పాడు. 2017 ఆగస్టులో దాన్ని మూసేశారు. మన దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉంది, సెట్లలో తిరిగి చూడవచ్చు. వాహినీకి మాత్రం ఏదీ లేదు. 2016లో మా ఆవిడకు గుండె పరీక్షల కోసం మద్రాసు పోయినప్పుడు వడపళనిలో ఆ చోటు చూశాను. నాగిరెడ్డి గారే కట్టించిన ఆస్పత్రి ఉంది, పెద్ద షాపింగ్ మాల్ ఉంది. టీ అంగడి పెద్దాయన్ను, ఫ్లోర్లు ఎక్కడుండేవి అయ్యా అని అడిగాను. ఆయన చెయ్యి చూపించిన వైపు కార్లు పార్క్ చేసి ఉన్నాయి.

అందుకే ఇక్కడ కట్టాలంటాను. గండికోట చూడటానికి జనం వస్తూనే ఉన్నారు, జమ్మలమడుగు దారిలో నాలుగెకరాలు చాలు. రైలు ఉండాలి, ఈ ఎగ్జిబిషన్ వాళ్లకు తెలియకుండానే సరైన వస్తువు దొరికింది. ఎందుకంటే తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప, నందలూరు, రేణిగుంట, మద్రాసు అని ఒక లైను ఉంది. మనవాళ్లను మద్రాసుకు మోసుకుపోయిన లైను అదే. ఆట అక్కడ మొదలవ్వాలి. ఎక్కేచోట తాడిపత్రి ప్లాట్‌ఫారం, పక్కన ఎర్రగడ్డల మూటలు, నిజమైన మూటలు, వాసన రావాలి. కిటికీ బయట ఎర్రమట్టి చేలు వెనక్కి పోతూ, నందలూరులో ఆవిరింజను పొగ వదులుతూ, మెల్లగా కొబ్బరిచెట్లు కనపడి మద్రాసు రావాలి. అక్కడ బండి దిగి నడవాలి. పదకొండు నిమిషాల్లో చుట్టేసే చరిత్ర కాదు, గంటన్నర ఇవ్వాలి.

లోపల మొట్టమొదటి గది క్యాషియర్ గది. బల్ల, లెడ్జరు, ఇంకు బుడ్డి, ఖాళీ కుర్చీ. బొమ్మ వద్దు. ఈ కుర్చీలో కూర్చున్న మనిషి తర్వాత ఏం తీశాడో గోడ మీద చిన్నగా రాస్తే చాలు.

తర్వాత ద్వారక. మాయాబజార్ కోసం 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న జాగాలో సుమారు 300 బొమ్మ ఇళ్లు కట్టి ద్వారకానగరం చూపించారు. దాన్ని అదే కొలతల్లో మళ్లీ కట్టాలి. గది చీకటిగా ఉండాలి. వచ్చిన పిల్లల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క స్విచ్చి ఇవ్వాలి, ఒక్కొక్కరు ఒక వీధి దీపాలు వెలిగించాలి. మూడు వందల ఇళ్లూ వెలిగాక చూడటానికి పైన చిన్న వంతెన, కెమెరా ఉండే ఎత్తులో. అంత పెద్ద ఊరు మోకాలి ఎత్తు ఇళ్లతో అయిందని పిల్లలు వంతెన దిగివచ్చి చూసుకోవాలి. ఆ ఇళ్లు చేయడానికి కడప, అనంతపురం జిల్లాల వడ్రంగులనే పెట్టాలి, వాళ్ల పేర్లు ఇంటి వెనక గోడ మీద చెక్కాలి. ఆనాడు చేసిన వడ్రంగుల, పెయింటర్ల, లైట్‌మన్‌ల పేర్లు ఎన్ని దొరికితే అన్ని వెతికి పట్టుకుని, ప్రవేశద్వారం దగ్గర హీరోల పేర్లు రాసినంత పెద్దక్షరాలతో రాయాలి.

వెన్నెల గది తప్పకుండా ఉండాలి. నాలుగు లైట్లు, నాలుగు డిమ్మర్లు, ఒక చెరువు. వచ్చినవాళ్లే తిప్పుకుని చూడాలి. ఎక్కువ పెడితే పగలైపోతుంది, తగ్గిస్తే చీకటైపోతుంది, మధ్యలో ఎక్కడో ఒకచోట వెన్నెల కాస్తుంది. పక్క గదిలో ప్రెస్సు పెట్టవచ్చు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు కదా, వెన్నెల గదిలోంచి చందమామ గదిలోకి పోయేట్టు తలుపు పెడితే ఎంత బాగుంటుంది! అక్కడ పిల్లలు కూర్చుని పాత సంచికలు చదువుకోవడానికి చాపలు వేయాలి. నేను చదవడం నేర్చుకున్నది వాటితోనే.

చివరి గది ప్రొజెక్టర్ క్యాబిన్. ఎన్ని స్టూడియోల్లో ఎంత తీసినా జనానికి చేరింది ఈ ఇరుకు గదిలోంచే. ఈ మాట నేను ఆ పని చేశానని కాదు, నిజం కాబట్టి రాస్తున్నాను. రెండు కార్బన్ మెషిన్లు పక్కపక్కన పెట్టి, రీలు నిజంగా ఆడించాలి. రీలు అయిపోయే ముందు తెర కుడి పైమూల ఒక చుక్క మెరుస్తుంది, అప్పుడు రెండో మెషిన్ మోటారు వేయాలి. ఏడు సెకన్లకు రెండో చుక్క పడుతుంది, అప్పుడు చేంజోవర్. కింద కూర్చున్నవాళ్లకు రీలు మారినట్టు తెలియకూడదు. వచ్చినవాళ్లలో ఒకరికి ఆ పిడి ఇచ్చి, చుక్క కోసం చూడమనాలి. ఆ ఏడు సెకన్ల టెన్షన్ ఏమిటో ఒక్కసారి చేస్తే తెలుస్తుంది. నేర్పించడానికి మావంటివాళ్లం సీడెడ్ జిల్లాల్లో, అంటే మన రాయలసీమలో, ఇంకా కొంతమందిమి మిగిలే ఉన్నాం. జీతం కూడా అడగం.

ఇక ఎగ్జిబిషన్ రైలుకు నా మార్కులు. మొదటి రోజు అయితే ఐదుకు రెండున్నర ఇచ్చేవాణ్ని. విందు గదికి, షూటింగ్ ఫ్లోరులో ఆ గంటకు, చెప్పింది విని అప్పటికప్పుడు దిద్దుకున్న పిల్లల మర్యాదకు కలిపి ఇప్పుడు మూడున్నర ఇస్తున్నాను. పొగ తగ్గించి, రైలును గదికి అర నిమిషం ఆపితే నాలుగు ఇస్తాను. ఈ రెండూ ఓనర్‌కు చెబుతానని ఆ అబ్బాయి మాట ఇచ్చాడు. బోర్డుల్లో పొట్టిపాడు పేరు ఇంకా ఎక్కలేదు, రేపు స్కెచ్ పెన్ను నేనే తీసుకుపోతాను.

పోయేవాళ్లు సాయంత్రం ఆరులోపు గానీ, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత గానీ పోండి. మధ్యలో అయితే లైన్లో నలభై నిమిషాలు నిలబడాలి, కూర్చోవడానికి బెంచీ కూడా లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బోగీ ఎక్కేటప్పుడు పక్కవాళ్ల చెయ్యి పట్టుకోండి, మెట్టు ఎత్తుగా ఉంది. యాభై రూపాయల ఫోటో మీ ఇష్టం. మూడో బోగీలో కుడివైపు సీటు పట్టుకోండి, చెరువు అటువైపే వస్తుంది.